1 నుంచి 5 డాలర్ల బిడ్డు: ఫాంటసీ బేస్‌బాల్‌లో ఎవరి మీద పెడితే మేలు?

ఫాంటసీ బేస్‌బాల్ అంటే అమెరికా మేజర్ లీగ్ ఆటగాళ్లతో ఊహా టీము కట్టి, వాళ్ల అసలు మ్యాచ్‌ల అంకెలతో పోటీపడటం. 12 టీములు, ఐదు బ్యాటింగ్ కేటగిరీలు, ఐదు పిచింగ్ (బంతి వేయడం) కేటగిరీలు, ఒక్కో కేటగిరీలో స్థానాన్ని బట్టి పాయింట్లు, సీజన్‌ మొత్తానికి 100 డాలర్ల ఫ్రీ ఏజెంట్ (ఏ టీములోనూ లేని ఆటగాడు) బడ్జెట్, ఆదివారం రాత్రి గుప్త బిడ్లు, సోమవారం లైనప్ లాక్. కింది లెక్కలన్నీ ఇలాంటి లీగుకే. ఫాంటసీ క్రికెట్‌కి అలవాటుపడ్డవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ మ్యాచ్‌కో టీము కట్టుకుంటాం. ఇక్కడ మార్చి చివర్లో కట్టిన టీమునే సెప్టెంబర్ చివరిదాకా మరమ్మతు చేసుకుంటూ పోవాలి. పైగా ఒక ఆటగాడు లీగ్‌లో ఒక్కరికే సొంతం.

అందరూ ఏరుకోగా మిగిలినవాళ్లలో ఐదు డాలర్లలోపు వచ్చేది ప్రధానంగా నాలుగు రకాలు: ఆ వారం రెండుసార్లు బౌలింగ్‌కి దిగే స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్), తొమ్మిది ఇన్నింగ్స్‌ల మ్యాచ్‌లో ఎనిమిదోది వేసే రిలీవర్ (మధ్యలో వచ్చే పిచర్), వారం పదిరోజులుగా చెలరేగుతున్న బ్యాటర్, బేస్‌లు దొంగిలించే (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తే) వేగగాడు. నా వరస ఇది: మొదట రిలీవర్, తర్వాత రోజూ ఆడే బ్యాటర్, తర్వాత వేగగాడు, చివరికి రెండు స్టార్టుల పిచర్. చాలామంది డబ్బు దీనికి సరిగ్గా తలకిందులుగా ఖర్చుపెడతారు.

రెండు స్టార్టుల పిచర్ ఎందుకు ఊరిస్తాడో తెలిసిందే: తన పేరున రెండు విజయాలకు అవకాశం, కుప్పగా స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ ఔట్). నష్టం మాత్రం ఈఆర్ఏలో, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే ఎర్న్‌డ్ రన్స్ (ఫీల్డింగ్ తప్పిదాల వల్ల కాకుండా వచ్చిన పరుగులు) సగటులో, దాక్కుని ఉంటుంది. మీ టీము 400 ఇన్నింగ్స్‌లో 160 ఎర్న్‌డ్ రన్స్ ఇచ్చిందనుకోండి, ఈఆర్ఏ 3.60. ఒక చవక పిచర్ 4 ఇన్నింగ్స్‌లో 7 రన్స్ ఇచ్చుకుంటే అది 3.72 అవుతుంది. ఆ ఒక్క రాత్రికి రెండు మూడు స్టాండింగ్స్ పాయింట్లు జారిపోవచ్చు. ఐదు ఇన్నింగ్స్ పూర్తికాలేదు కాబట్టి విజయమూ రాదు. లైనప్ వారానికోసారే మారుతుంది కనక మొదటి స్టార్ట్ చూసి భయపడ్డా రెండోదాన్ని ఆపే వీలుండదు. వాన పడి మ్యాచ్ వాయిదాపడినా, టీము మామూలు ఐదుగురికి తోడు ఆరో స్టార్టర్‌ని మధ్యలో దూర్చినా, ఆదివారం స్టార్ట్ కాస్తా వచ్చే సోమవారానికి జరిగిపోతుంది. అప్పుడు రెండు స్టార్టుల ధర ఇచ్చి ఒక్కటే కొన్నట్టు.

అయినా తీసుకోక తప్పని వారాలుంటాయి. అప్పుడు రెండు మ్యాచ్‌లూ ఎక్కడో చూడండి. ఒక్కటి డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్‌లో ఉన్నా వదిలేయండి. సముద్రమట్టానికి దాదాపు 5,200 అడుగుల ఎత్తున గాలి పలచన, కర్వ్‌బాల్ సరిగా వంగదు, కొట్టిన బంతి దూరం పోతుంది. సియాటిల్ మైదానంలో పరుగులు కష్టంగా వస్తాయి, అక్కడ సగటు పిచర్ కూడా నిలబడతాడు.

ఇప్పుడు రిలీవర్ సంగతి. అదే 400 ఇన్నింగ్స్‌కి ఒక మంచి ఎనిమిదో ఇన్నింగ్స్ రిలీవర్ వేసిన 10 ఇన్నింగ్స్, 2 రన్స్ కలపండి: 3.60 కాస్తా 3.56 అవుతుంది. ఒక్క సేవ్ (స్వల్ప ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడినందుకు రిలీవర్‌కి దక్కే అంకె) రాకపోయినా మీకు మేలే చేశాడు. సేవ్‌లు వచ్చాయంటే ఒక కేటగిరీ మొత్తం మారిపోతుంది. 2022 ఆగస్టు 2న బాల్టిమోర్ తన క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ వేసి మ్యాచ్ ముగించే రిలీవర్) హోర్హే లోపెజ్‌ని మిన్నెసోటాకి ఇచ్చేసింది. ఆ పని ఫెలిక్స్ బౌటిస్టా చేతికొచ్చింది, సీజన్ ముగిసేసరికి అతనికి 15 సేవ్‌లు. మరుసటి ఏడు 33. ట్రేడ్ జరిగిన వారం అలాంటి రిలీవర్‌కి 20, 30 డాలర్లు పెట్టాల్సి వస్తుంది. అంతకు పదిరోజుల ముందు రెండు డాలర్లు చాలు.

ఎవరిని ఎంచాలన్నదే అసలు పని. క్లోజర్ వరసగా రెండు రోజులు వేశాక మూడో రోజు తొమ్మిదో ఇన్నింగ్స్‌కి మేనేజర్ ఎవరిని పిలిచాడో బాక్స్ స్కోర్లో (మ్యాచ్ స్కోరుకార్డు) చూడండి. వారసుడెవరో చాలావరకు అక్కడే తెలుస్తుంది. స్ట్రైకౌట్ శాతంలోంచి వాక్ (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఉచితంగా బేస్) శాతం తీసేస్తే 20 దాటాలి. జూలైకి టీము ఓటముల్లో మునిగి, క్లోజర్ కాంట్రాక్ట్ ఆ ఏడాదితో ముగుస్తుంటే అతన్ని అమ్మేసే అవకాశం ఎక్కువ. ఎడమచేతి రిలీవర్‌తో మాత్రం జాగ్రత్త. ప్రత్యర్థి ఎడమచేతి బ్యాటర్ల కోసం అతన్ని ఏడు, ఎనిమిది ఇన్నింగ్స్‌లోనే వాడేసే మేనేజర్లు ఎక్కువ. ఒకటే ఇబ్బంది, ఎదురుచూసినన్నాళ్లూ బెంచ్‌లో ఒక చోటు అతనికే పోతుంది. మూడు వారాలు గడువు పెట్టుకోండి.

చెలరేగుతున్న బ్యాటర్ విషయంలో సగటు చూసి మోసపోవడమే ఎక్కువ. 40 అట్ బ్యాట్‌లలో 16 హిట్లు, వాటిలో 2 హోమ్‌రన్లు (మైదానం దాటిన కొట్టుళ్లు), 12 స్ట్రైకౌట్లు: సగటు 0.400. హోమ్‌రన్లు, స్ట్రైకౌట్లు తీసేస్తే మైదానంలో పడ్డ బంతులు 26, హిట్లు 14. అంటే 0.538. లీగ్ మొత్తానికి ఈ అంకె 0.300కి దగ్గర్లో ఉంటుంది. అదృష్టం అక్కడికి దిగివస్తే అదే బ్యాటర్ సగటు 0.245. కాబట్టి స్ట్రైకౌట్ శాతం చూడండి, 60 ప్లేట్ అపియరెన్స్‌లకే (బ్యాటింగ్‌కి వచ్చిన సార్లు) అది కొంత నమ్మదగ్గదిగా మారుతుంది. గంటకు 95 మైళ్లు దాటిన కొట్టుళ్లు ఎన్నో చూడండి. అన్నిటికన్నా ముందు, రోజూ ఆడుతున్నాడా, ఎన్నో స్థానంలో వస్తున్నాడు? ఒక్కో స్థానం కిందకి దిగితే సీజన్‌కి సుమారు 15 నుంచి 18 అవకాశాలు తగ్గుతాయి.

చెడ్డ టీములు ఇక్కడ మనకి స్నేహితులు. 2023లో ఓక్‌లండ్ 112 మ్యాచ్‌లు ఓడింది. కాన్సస్ సిటీ వదిలేసిన బ్రెంట్ రూకర్‌కి అక్కడ అడ్డొచ్చేవాళ్లు లేరు, 30 హోమ్‌రన్లు కొట్టాడు. జోయీ మెనెసెస్ 2022 ఆగస్టులో వాషింగ్టన్‌కి అడుగుపెట్టి 56 మ్యాచ్‌ల్లో 13 హోమ్‌రన్లు, 0.324 సగటు సాధించాడు. మరుసటి ఏడు 154 మ్యాచ్‌లాడినా హోమ్‌రన్లు 13 దగ్గరే ఆగాయి. రెండు నెలలకి మూడు డాలర్లు పెట్టినవాళ్లది లాభమే, మరుసటి మార్చిలో డ్రాఫ్ట్ పిక్ ఖర్చుపెట్టినవాళ్లది నష్టం.

వేగగాళ్ల విలువ 2023తో మారింది. బేస్‌లు 15 నుంచి 18 అంగుళాలయ్యాయి, పిచర్ ఇష్టమొచ్చినన్నిసార్లు పికాఫ్ (బేస్ మీది రన్నర్‌ని ఔట్ చేయడానికి విసిరే బంతి) వేసే వీల్లేదు. ఏడాదిలో లీగ్ మొత్తం స్టోలెన్ బేస్‌లు 2,486 నుంచి 3,503కి ఎగబాకాయి. అందరి దగ్గరా ఉన్నప్పుడు ఒక్కో స్టీల్ బరువు తగ్గుతుంది. ఎస్ట్యూరీ రూయిజ్ 2023లో 67 దొంగిలించాడు గానీ హోమ్‌రన్లు ఐదే. 2024 ఏప్రిల్ మొదట్లోనే మైనర్స్‌కి (కింది స్థాయి లీగులు) పంపేశారు. స్టీల్స్‌లో మీ పై టీముకి పది లోపు దూరం ఉంటేనే ఇటు చూడండి.

బిడ్డు పెట్టేటప్పుడు 1, 2 కాకుండా 3 పెట్టండి. చాలామంది 1 లేదా 2 దగ్గర ఆగుతారు కాబట్టి అదనపు డాలరే గెలిపిస్తుంది. ఒకరు దొరక్కపోతే ఇంకొకరు అని ఒకే డ్రాప్ (బదులుగా వదిలేసే ఆటగాడు) కింద ముగ్గురి పేర్లు వరసగా రాయండి. ట్రేడ్ గడువు (అసలు టీములు ఆటగాళ్లను మార్చుకునే ఆఖరి రోజు) దాటాక పాత్రలు మారతాయి కనక ఆగస్టుకి కనీసం 15 డాలర్లు మిగలాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న స్నేహితులతో కలిసి హైదరాబాద్ నుంచి ఆడేవాళ్లకి, గడువు ఈస్టర్న్ టైమ్ ఆదివారం రాత్రి 10 అయితే మన గడియారంలో సోమవారం ఉదయం 7:30. వెస్ట్ కోస్ట్‌లో ఆదివారం మధ్యాహ్నపు మ్యాచ్‌లు అప్పటికి చాలావరకు ముగుస్తాయి. ఆఖరి పావుగంటలో ఎవరు గాయపడ్డారో, ఎవరు క్లోజ్ చేశారో చూసుకుని జాబితా సరిచేయండి.