సినిమా పుట్టింది మా దగ్గరే అంటే మా దగ్గరే: లియాన్, టూరిన్, పారిస్

సినిమా పిచ్చి కాస్త ఉండి, ఫ్రాన్స్, ఇటలీ వైపు వెళ్తుంటే ఈ మూడు ఊళ్లూ కలిపి ప్లాన్ చేసుకోండి. ఒక్కటే చూసే టైమ్ ఉందంటే మాత్రం నా ఓటు లియాన్‌కే.

అక్కడ మెట్రో డి లైన్‌లో మోంప్లెజీర్-లూమియేర్ స్టేషన్‌లో దిగితే పక్కనే లూమియేర్ వాళ్ల ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. 1895లో ఫ్యాక్టరీ గేట్లోంచి కార్మికులు బయటికొస్తుంటే లూమియేర్ సోదరులు తీసిన మొదటి సినిమా ఇక్కడిదే, ఆ ఫ్యాక్టరీలో మిగిలిన షెడ్డును సినిమా హాలు చేశారు. మ్యూజియం పెద్దదేం కాదు, కానీ వాళ్ల సినిమా యంత్రం సినిమాటోగ్రాఫ్ ముందు మాత్రం కదలబుద్ధి కాలేదు. చూడ్డానికి చిన్న చెక్కపెట్టె, దానికో హ్యాండిల్. తిప్పితే లోపలి కొక్కెం ఫిల్ము అంచు రంధ్రాల్లో దూరి ఒక్క ఫ్రేమును కిందికి లాగి తప్పుకుంటుంది, ఫిల్ము ఆగిన ఆ క్షణంలోనే బొమ్మ పడుతుంది, ఇలా సెకనుకు 16 సార్లు. కుట్టుమిషన్ గుడ్డను జరిపే తీరు చూసి ఆ సోదరుల్లో ఒకడైన లూయీకి ఈ ఐడియా తట్టిందంటారు. షూటింగ్, ప్రింటు తీయడం, తెరమీద వేయడం అన్నీ ఆ ఒక్క పెట్టెతోనే! ఎడిసన్ కైనెటోస్కోప్‌లో అయితే ఒక్కొక్కరే వంగి తొంగిచూడాలి. పెట్టె తేలిక కాబట్టే పారిస్‌లో మొదటి టికెట్ షో పడ్డాక ఏడు నెలలైనా తిరక్కుండా, 1896 జూలై 7న, బొంబాయి వాట్సన్ హోటల్లో బొమ్మ పడింది.

(బెర్లిన్‌లో స్క్లాడనోవ్‌స్కీ సోదరులు పారిస్ షోకన్నా ముందే, 1895 నవంబరు 1నే టికెట్లు పెట్టి సినిమా చూపించారు. జర్మన్లు ఆ మాట మర్చిపోరు. కాకపోతే రెండు ఫిల్ములను మార్చి మార్చి వేసే ఆ యంత్రం ఎక్కువ కాలం నిలబడలేదు.)

బస విషయానికొస్తే, పార్-దియూ స్టేషన్ దగ్గర హోటళ్లు ఎక్కువే గానీ సాక్స్-గాంబెటాలో మెట్రో మారాలి. మోంప్లెజీర్‌లోనే దిగితే ప్రశాంతం.

టూరిన్ సినిమా మ్యూజియం హంగే వేరు. 1863లో యూదుల ప్రార్థనా మందిరంగా మొదలుపెట్టిన, 167 మీటర్ల ఎత్తున్న మోలే అంటోనెల్లియానా భవనంలో 2000 నుంచి నడుస్తోంది. నడుమ హాల్లో ఎర్ర కుర్చీల్లో వెనక్కి వాలి పడుకుని పైన తెరమీద సినిమా చూడొచ్చు. నీడబొమ్మలు, మ్యాజిక్ లాంతర్లు ఉన్న అంతస్తును హడావుడిగా దాటేయకండి, అసలు సరుకు అక్కడే ఉంది. 1914 నాటి ‘కబిరియా’ సినిమాలోని రాకాసి విగ్రహం చూస్తే మూకీల కాలంలో టూరిన్ స్టూడియోల దూకుడు అర్థమవుతుంది. గ్లాస్ లిఫ్ట్ ఎక్కితే 85 మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా కనిపిస్తుంది, క్యూకి మాత్రం ఓపిక కావాలి. మేం దిగిన చోట రాత్రిపూట రిసెప్షన్ ఉండదు, తలుపు కోడ్ మెయిల్‌లో వస్తుందన్నారు, అది వచ్చేదాకా బ్యాగులతో వీధిలో టెన్షనే.

పారిస్‌లో, 1895 డిసెంబరు 28న 33 మంది తలా ఒక ఫ్రాంకు ఇచ్చి లూమియేర్ల మొదటి టికెట్ షో చూసిన గ్రాండ్ కఫే చోట ఇప్పుడు శిలాఫలకం తప్ప చూడ్డానికేం లేదు, దానికోసం ప్రత్యేకంగా వెళ్లకండి. బెర్సీలోని సినిమాథెక్‌కు (సినిమాలు భద్రపరిచి చూపించే సంస్థ) వెళ్లండి. ఆ షోకు పిలుపందుకుని వెళ్లి, యంత్రం అమ్మమని అడిగి కాదనిపించుకున్న, తర్వాత ట్రిక్ సినిమాలతో పేరు తెచ్చుకున్న మెలియెస్ పేరు మీదే అక్కడి మ్యూజియం. ట్రిక్ షాట్ల సంగతులు పిల్లలకీ నచ్చుతాయి. లియాన్ మ్యూజియానికి సోమవారం సెలవు, మిగతా రెండింటికీ మంగళవారం, టికెట్లు బుక్ చేసేముందు అది చూసుకోండి.