ఎంపీత్రీని ఫ్లాక్‌గా మారిస్తే లాభమేంటి?

మా తాతయ్య హార్మోనియం మీద పద్యాలు పాడిన గంట క్యాసెట్ ఒకటి ఇంట్లో ఉంది. ఒక షాపులో ఇస్తే పెన్‌డ్రైవ్‌లో ఫ్లాక్ (ధ్వనిలో ఏమీ పోకుండా కుదించే ఫార్మాట్) ఫైళ్ళు వేసిచ్చారు. "లాస్‌లెస్ సార్, ఒరిజినల్ క్వాలిటీ" అన్నారు. ఇంటికొచ్చి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు తెగిపోయి ఉంది. క్యాసెట్ బుస పైకి పోయేకొద్దీ పలచబడుతుంది గానీ, అలా గీత గీసినట్టు ఆగదు. ముందు తక్కువ బిట్‌రేట్‌లో (అంటే సెకనుకు తక్కువ డేటాతో) ఎంపీత్రీ చేసి, దాన్నే ఫ్లాక్‌లోకి మార్చారన్నమాట.

ఎంపీత్రీ చెవికి అంతగా పట్టని శబ్దాలను తీసి పారేస్తుంది. పారేసినవి మళ్ళీ రావు. చెరకు పిప్పిని ఎంత పెద్ద గోనెసంచిలో కుక్కినా రసం ఊరుతుందా? ఫైలు సైజు మాత్రం కొన్ని రెట్లు పెరుగుతుంది, అంతే.

చివరికి నేనే కూర్చుని మళ్ళీ రికార్డు చేశాను. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియోలో గంటకు వేవ్ (అసలు కుదించని) ఫైలు దాదాపు 635 ఎంబీ వచ్చింది. అదే ఫ్లాక్‌లో సగానికి కాస్త పైన. ధ్వనిలో బిట్టు తేడా ఉండదు, కావాలంటే తిరిగి వేవ్ చేసుకోవచ్చు. పైగా ఫ్లాక్ ఫైల్లో చెక్‌సమ్ (డేటా మారిందో లేదో సరిచూసే సంఖ్య) ఉంటుంది కాబట్టి డిస్కులో ఫైలు పాడైతే తెలిసిపోతుంది. దాచుకోవడానికి నా ఓటు ఫ్లాక్‌కే.

వినడానికి మాత్రం ఎంపీత్రీ చాలు. 320 కేబీపీఎస్ బిట్‌రేట్‌లో ఆ గంటా 144 ఎంబీనే. మా కారు స్టీరియోకి ఫ్లాక్ అంటేనే తెలియదు. నిజం చెప్పాలంటే, మామూలు ఇయర్‌ఫోన్స్‌లో రెంటికీ తేడా నేను పట్టలేకపోయాను. బ్లూటూత్‌లో వింటే అది ఎలాగూ దారిలో ఇంకోసారి కుదిస్తుంది.

అన్నిటికన్నా దండగ పని ఎంపీత్రీని ఏఏసీగానో ఓపస్‌గానో మార్చడం. అవీ ఎంపీత్రీలాగే శబ్దాలను పారేసి కుదించే ఫార్మాట్లే. ఒకసారి పోయినదాని మీద ఇంకోసారి పోతుంది. 128 కేబీపీఎస్ ఎంపీత్రీని 320 చేసినా అదే కథ. మీ దగ్గర ఎంపీత్రీ ఒక్కటే మిగిలితే దాన్ని కదపకుండా అలాగే ఉంచండి. క్యాసెట్ ఇంకా ఉంటే మాత్రం పారేయకండి. మాది రెండో వైపు చివర్లో టేపు నలిగి, ఒక పద్యం సగంలో జీరబోతోంది. దానికి ఏ ఫార్మాటూ మందు కాదు.