మైత్రిలో చలికాలమంతా వాడాక: మౌంట్ సరే, ఆ కేబుల్ ఏంటండీ?

అంటార్కిటికాలో మన మైత్రి స్టేషన్‌లో చలికాలం ఉండిపోయినప్పుడు ఈ ట్రాకింగ్ మౌంట్ (నక్షత్రాల కదలికకి తగ్గట్టు టెలిస్కోప్‌ని తిప్పే మోటారు స్టాండు) నా వెంట ఉంది. పైన చిన్న 80 ఎంఎం రిఫ్రాక్టర్, అంటే కటకాల టెలిస్కోప్. గేర్లు, బరువు, యాప్ సంగతులు అందరూ రాసేశారు. నా గొడవంతా మౌంట్ నుంచి హ్యాండ్ కంట్రోలర్‌కి వెళ్లే చుట్టల కేబుల్‌తోనే.

జూన్‌లో బ్లిజార్డ్ తగ్గాక ఒక రాత్రి ఆకాశం తేటగా విచ్చుకుంది. చలి మైనస్ 30 దగ్గర. హైదరాబాద్‌లో అగస్త్య నక్షత్రం దక్షిణాన 20 డిగ్రీల ఎత్తుకి వచ్చి దిగిపోతుంది. మైత్రిలో అది అస్తమించనే అస్తమించదు, ఎంత కిందికి దిగినా 33 డిగ్రీల పైనే. మన దగ్గర దిక్చక్రాన్ని రాసుకుంటూ పోయే పెద్ద మాగెల్లానిక్ మేఘం (మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) అక్కడ నడినెత్తి దాకా వస్తుంది. దాన్ని ఫొటో తీద్దామని మౌంట్ తిప్పాను. కేబుల్ చెరుకు గడలా బిగుసుకుపోయి ఉంది. మౌంట్ తిరుగుతుంటే తీగ వంగలేదు, జాక్‌నే లాగేసింది. పైతొడుగు టప్పున పగిలింది, కంట్రోలర్ ఆరిపోయింది, అలైన్‌మెంట్ (నక్షత్రాలు చూపించి మౌంట్‌కి దిశలు నేర్పిన సెట్టింగ్) పోయింది. మళ్లీ పెడదామంటే ఎల్‌సీడీ మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి నీడల్లా కదులుతున్నాయి. గ్లవ్స్ తీస్తే వేళ్లు పని చేయవు, తీయకపోతే బటన్లు నొక్కలేం. ఆ రాత్రి అంతే.

మామూలు పీవీసీ తొడుగు ఆ చలిలో పెళుసుబారుతుందని తయారుచేసేవాళ్లకి తెలియకుండా ఉంటుందా? మా ఎలక్ట్రీషియన్ అన్న వర్క్‌షాప్‌లో ఉన్న సిలికాన్ తొడుగు తీగ తెచ్చి, లోపల కూర్చుని సోల్డర్ చేసిచ్చాడు. ఆ తర్వాత సీజన్ అయ్యేదాకా దాని ఊసే ఎత్తాల్సిన పని పడలేదు.

వెళ్లిన కొత్తలో 'మోటార్లు సూపర్' అని ఇంటికి మెసేజ్‌లు పెట్టాను. అవి మైనస్ 15 నాటి మాటలు. మైనస్ 25 దాటాక గ్రీజు గట్టిపడి మోటారు మూలగడం మొదలెట్టింది. స్పీడు బాగా తగ్గించి తిప్పితేనే కదిలేది. ట్రాకింగ్ మాత్రం చెడిపోలేదు, అది ఒప్పుకోవాలి. మౌంట్‌ని ఉన్నచోటి అక్షాంశానికి తగ్గట్టు వంచి పెట్టాలి. దాని స్కేలు 65 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మైత్రి ఉన్నది దాదాపు 71 దగ్గర. ట్రైపాడ్ ఉత్తరం కాలు పొట్టి చేసి సర్దుకున్నాను. బ్యాటరీని లోపలే ఉంచి వైరు బయటికి లాగాను.

సూర్యుడు రెండు నెలలు కనబడడు కదా, 24 గంటలూ చూసుకోవచ్చు అనుకునేవాళ్లకి ఒక మాట. మైత్రిలో ఆ రోజుల్లో కూడా మధ్యాహ్నం సూర్యుడు దిక్చక్రానికి నాలుగైదు డిగ్రీల కిందే ఉంటాడు, సంధ్య వెలుగు బాగానే ఉంటుంది. వారాల తరబడి చిక్కటి చీకటి కావాలంటే దక్షిణ ధ్రువం దాకా పోవాలి. నక్షత్రాలు చలించకుండా నిలబడేది కూడా అంటార్కిటికా లోపలున్న డోమ్ సి లాంటి 3,200 మీటర్ల పీఠభూమి మీద, అదీ నేలకి కొంత ఎత్తులో. మాది తీరానికి దగ్గర, గాలి ఎక్కువ. పవర్ పెంచితే గ్రహాలు ఉడికిపోతున్నట్టే కనిపించాయి. అది మౌంట్ తప్పు కాదు.

కొనొచ్చా అంటే, హైదరాబాద్ మేడ మీద వాడేవాళ్లకి ఈ కేబుల్ జీవితాంతం సరిపోతుంది, నిశ్చింతగా కొనుక్కోండి. శీతాకాలంలో లద్దాఖ్‌లోని హాన్లేకి తీసుకెళ్లేవాళ్లు ముందు తీగ మార్పించుకోండి, తర్వాతే టికెట్లు. డోమ్ సిలో మైనస్ 70 దాటుతుంది. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్ని వెతికే అక్కడి ఆస్టెప్ టెలిస్కోప్ కెమెరాని వెచ్చటి పెట్టెలో పెట్టి నడిపిస్తారు. అంత చలికి ఈ మౌంట్‌ని నేనైతే సిఫార్సు చేయను. నాకు పక్కన వర్క్‌షాప్ ఉంది, సోల్డర్ చేసే మనిషి ఉన్నాడు కాబట్టి అయిదుకి మూడున్నర ఇస్తున్నాను. అవి లేకపోతే రెండు.