క్రేమర్ బై జ్విల్లింగ్ 8 అంగుళాల కార్బన్ కత్తి: పదును భేష్, తడి దగ్గరే జాగ్రత్త

అమెరికాలో వంటకత్తులు కొట్టే బాబ్ క్రేమర్‌ది అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ (కత్తులు కొట్టే కమ్మరుల సంఘం) ఇచ్చే మాస్టర్ స్మిత్ హోదా. అక్కడ మొదటి మెట్టు పరీక్షే గట్టిది: తాను చేసిన కత్తితో వేలాడే తాడు ఒక్క వేటుకు తెంచాలి, టూ-బై-ఫోర్ చెక్కను (పేరుకు 2×4 అంగుళాల దుంగ) రెండుసార్లు తెగనరకాలి, ఆ తర్వాత కూడా అదే అంచు చేతి వెంట్రుకలు గీయాలి. చివరికి వైస్‌లో (పట్టుకునే ఇనుప బిగింపులో) బిగించి 90 డిగ్రీలు వంచినా అలుగు విరగకూడదు.

అలాంటి చేతి కత్తులకు సేకర్తలు ఎంతైనా పెడతారు. అమెరికన్ షెఫ్, టీవీ వ్యాఖ్యాత ఆంథొనీ బోర్డైన్ కోరి చేయించుకున్న, ఉల్క ఇనుము కలిపిన క్రేమర్ కత్తి 2019 వేలంలో 2,31,250 డాలర్లు పలికింది. కొనేవాడు అడగడం, కమ్మరి దాన్ని ఉక్కులోకి తేవడం అంటే అదీ. మరి రోజూ ఉల్లిపాయలు తరిగే మనకో? క్రేమర్ పేరుతో జర్మన్ కంపెనీ జ్విల్లింగ్ జపాన్‌లోని సెకిలో చేయిస్తున్న ఈ కత్తి ఉంది.

నాకు బాగా నచ్చింది, ఉక్కులో రాజీ పడకపోవడం. క్రేమర్ తన చేతి కత్తులకు వాడే 52100 ఉక్కే ఇక్కడా. బేరింగులు చేసేదీ దీంతోనే: కార్బన్ సుమారు 1 శాతం, క్రోమియం 1.5 శాతం, గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 61. అలుగు వెడల్పుగా ఉంటుంది కాబట్టి వేళ్ల కణుపులు బోర్డుకు తగలవు. పండు టొమాటో మీద నొక్కక్కర్లేదు, లాగితే చాలు.

ఆ కాస్త క్రోమియం తుప్పును ఆపదు. చింతపండు చేత్తోనో, నిమ్మకాయ కోశాకో పక్కన పెట్టేస్తే పది నిమిషాల్లో మరకలు పడతాయి. కత్తిపీట వాడిన ఇళ్లలో ఈ నలుపు కొత్త కాదు. బూడిద, నీలం రంగు పొర మంచిదే, ఉండనివ్వండి. ఎర్రటి పొడి కనిపిస్తే మాత్రం వంటసోడా ముద్దతో రుద్ది తీసేయాలి. కొత్తలో అరటికాయ ముక్కలు నల్లబడతాయి, పొర కుదిరాక తగ్గుతుంది. కోస్తున్నంతసేపూ పక్కన పొడిగుడ్డ ఉండాల్సిందే. వారం పైన వాడకపోతే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ రెండు చుక్కలు రాయండి. వేరుశనగ నూనె వద్దు, జిగటవుతుంది.

ఆవకాయకు దీన్ని అసలు తియ్యకండి! టెంక మీద పడితే ఇంత గట్టి, పలుచని అంచు పెచ్చులూడుతుంది. కొబ్బరి చిప్ప, కోడి ఎముకలు కూడా అంతే.

సాన పట్టడం తేలికే. ముందు 1000 గ్రిట్ (గరుకు కొలత) రాయి, తర్వాత ఇంకా నున్నటి 4000. వైపుకు 15 డిగ్రీలు, అంటే 5 సెంటీమీటర్ల వెడల్పు అలుగుకు వెన్ను రాయి నుంచి 13 మిల్లీమీటర్లు లేవాలి. అవతలి వైపు మడమ (పిడి దగ్గరి అంచు) నుంచి మొన దాకా వేలికి గరుకు తగిలాకే తిప్పండి. మధ్యలోనే తిప్పేస్తే ఎంత రుద్దినా మొన దగ్గర మొండిగానే మిగులుతుంది.

కడిగి తుడిచే ఓపిక లేని ఇంటికి ఇదే వరుసలోని స్టెయిన్‌లెస్ రకం తీసుకోండి. సింకులో రాత్రంతా నానే గిన్నెల మధ్య ఈ కత్తిని చూడలేం.