బ్యాటరీ దిగిపోయిందా, పోయిందా? ఛార్జింగ్ మేలా, కొత్తది మేలా?

తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగి మసకబారతాయి. బానెట్ కింద టకటకా చప్పుడు వస్తుంది, సెల్ఫ్ మాత్రం తిరగదు. పిలిస్తే వచ్చినాయన మీటరైనా పెట్టకుండా "బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అంటాడు. చిన్న కారుకైనా నాలుగైదు వేల మాట అది. కాస్త ఆగండి. దిగిపోయిన బ్యాటరీకి ఛార్జింగ్ చాలు, పోయినదానికి ఎంత ఛార్జింగ్ పెట్టినా దండగే. మీదేదో ముందు తేలాలి.

ఓల్టేజి కొలిచే మల్టీమీటరుతో అది మీరే తేల్చుకోవచ్చు. కారు ఆపి కొన్ని గంటలయ్యాక టెర్మినల్స్ మధ్య చూడండి. 12.6 ఓల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 11.8 అంటే దాదాపు ఖాళీ. బాగా ఛార్జ్ చేశాక కూడా 10.5 దగ్గరే నిలిచిపోతే ఆశ వదులుకోవచ్చు. లోపలున్న ఆరు సెల్స్‌లో ఒక్కోటి 2.1 ఓల్టులిస్తుంది, అందులో ఒకటి చచ్చిందన్నమాట. కొన్నిటికి పైన పచ్చ చుక్క కనిపిస్తుంది కదా, దాన్ని మరీ నమ్మకండి. అది ఆరింట్లో ఒక్క సెల్ సంగతే చెబుతుంది.

బ్యాటరీ వయసు రెండున్నర, మూడేళ్ల లోపు ఉండి, లైటు ఆర్పడం మరిచిపోయో, కారు తీయకో దిగిపోతే నా ఓటు ఛార్జింగ్‌కే. ఆపేసిన కారు కూడా గడియారానికీ, అలారానికీ కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటుంది. అది 50 మిల్లీ యాంపియర్లే అనుకున్నా 35 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే సామర్థ్యం) బ్యాటరీ నెల రోజుల్లో ఖాళీ. డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ తగిలిస్తే ఇంకా ముందే. జంపర్ కేబుల్ పెట్టి స్టార్ట్ చేసి కాలనీలో రెండు రౌండ్లు కొడితే నిండిపోతుందనుకుంటారు, నిండదు. షాపులో స్లో ఛార్జింగ్ పెట్టించండి. సామర్థ్యంలో పదో వంతు, అంటే 35 ఏహెచ్‌కి మూడున్నర యాంపియర్ల చొప్పున, రాత్రంతా. గంటలో ఇచ్చేస్తామనే ఫాస్ట్ ఛార్జింగ్‌తో లోపలి సీసపు పలకలు వేడెక్కుతాయి.

నెలల తరబడి ఖాళీగా పడి ఉన్న బ్యాటరీ కథ వేరు. సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఛార్జింగ్ ఎక్కినట్టే ఎక్కి మర్నాటికి దిగిపోతుంది. అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లుండి వచ్చే పెద్దవాళ్ల కార్లకు జరిగేది ఎక్కువగా ఇదే. వెళ్లేముందు నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి వెళ్తే చాలావరకు తప్పుతుంది. పది ఎంఎం స్పానర్‌తో అయ్యే పని. గడియారం మళ్లీ సెట్ చేసుకోవాలి, అంతే.

నాలుగేళ్లు దాటిన బ్యాటరీ ఒకసారి మొరాయించిందంటే మాత్రం ఛార్జింగ్‌కు పెట్టే డబ్బు కూడా కొత్తదానిలో వేయడమే మంచిది. మన ఎండలకు అన్నాళ్లు రావడమే గొప్ప. వేసవి వేడికి లోపలి నీరు ఆవిరై, పలకలు తినేసుకుపోతాయి. ఆ దెబ్బ బయటపడేది చలికాలం పొద్దున, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు ఎక్కువ బలం కావలసినప్పుడు. రీకండిషన్ చేసినవి సగం ధరకే దొరుకుతాయి. లోపల పలకల వయసు ఎవరూ చెప్పలేరు కాబట్టి నేనైతే వాటి జోలికి పోను.

కొత్తది కొనేటప్పుడు మూతలుండి నీళ్లు పోసేదా, సీల్ వేసిందా అంటే, బండి వాడకాన్ని బట్టి. రోజంతా ఎండలో తిరిగే ట్యాక్సీకి మూతలున్నదే నయం. ధర తక్కువ, నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసుకోవచ్చు. బోరు నీళ్లు, మినరల్ వాటర్ పొయ్యకూడదు. బానెట్ ఎత్తే అలవాటే లేనివాళ్లకు సీల్ వేసిందే సుఖం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోయే కార్లకు ఈ బేరమే లేదు, పదేపదే స్టార్ట్ అవడాన్ని తట్టుకునే రకాలు, అంటే కంపెనీ చెప్పిన ఈఎఫ్‌బీయో ఏజీఎమ్మో వేయాల్సిందే. మామూలుది వేస్తే త్వరగా పోతుంది.

బ్రాండ్ కంటే తయారైన నెల చూడండి. షాపులో ఆర్నెల్లు కూర్చున్నది వద్దు. 48 నెలల వారంటీ అంటే నాలుగేళ్లూ ఉచితంగా మారుస్తారని కాదు. 24+24 అని రాసుంటే మొదటి రెండేళ్లలో పోతే కొత్తదిస్తారు, తర్వాతి రెండేళ్లలో ధరలో కొంత తగ్గిస్తారంతే. బ్యాటరీ మోడల్ నంబరు చివర ఉండే ఎల్, ఆర్ అక్షరం కూడా పాతదానితో సరిచూడండి. తేడా వస్తే పాజిటివ్ అవతలి పక్కకు పోయి కేబుల్ అందదు. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే బిల్లులో కొంత తగ్గుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అది రీసైక్లింగ్‌కే వెళ్లాలి, చెత్తబండిలో వేయకండి.

బిగించేటప్పుడు ముందు పాజిటివ్, తర్వాత నెగెటివ్. విప్పేటప్పుడు తిరగేసి. మెకానిక్ వెళ్లిపోకముందే ఇంజిన్ ఆన్ చేయించి మళ్లీ మీటరు పెట్టించండి. చాలా కార్లలో 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. పన్నెండున్నర దగ్గరే ఉంటే డైనమో ఛార్జ్ చేయడం లేదు. అది బాగుచేయించకపోతే కొత్త బ్యాటరీ కూడా రెండు రోజుల్లో దిగిపోతుంది.