ఏరో, రోలో, ఫ్లేక్, క్రంచీ: కప్పులోకి దిగాక ఏది మేలు?

ఇంగ్లండ్‌లోని స్లౌ ఊళ్లో మా ఇంటి దగ్గర సూపర్ మార్కెట్లో సాయంత్రం ఏడు దాటాక పసుపు స్టిక్కర్లు పడతాయి. తేదీ దగ్గరపడ్డ సరుకు మీద ధర తగ్గించి అంటించే స్టిక్కర్లు. ఇంగ్లండ్‌కి చదువుకోడానికి వచ్చిన మన పిల్లల్లో ఎవర్ని అడిగినా ఏ షాపులో ఏ టైముకి పడతాయో నోటికి చెప్తారు. నేను వచ్చి పద్నాలుగేళ్లయినా ఆ అలవాటు పోలేదు. కిందటి శనివారం పాల కోసం వెళ్లి, చాక్లెట్ల పేర్లతో అమ్మే చల్లటి స్వీటు కప్పులు నాలుగు రకాలు పట్టుకుని ఇంటికొచ్చాను: ఏరో మూస్, రోలో డిజర్ట్, క్యాడ్‌బరీ వాళ్ల ఫ్లేక్, క్రంచీ రెండరల కప్పులు.

"పాలేవిరా?" అంది అమ్మ. తెనాలి నుంచి వచ్చి నెలైంది.

పాలు మర్చిపోయాను. అయినా నేను తెచ్చినవాటిలో ఎక్కువ భాగం పాలేనని సర్దిచెప్పాను. అబద్ధమేం కాదు. ఈ కప్పుల మీద చాక్లెట్ కంపెనీ పేరే పెద్దగా ఉంటుంది గానీ, చాలావాటిని తయారుచేసేది ఆ పేరు వాడుకోడానికి లైసెన్సు తీసుకున్న పాల కంపెనీలే. వెనక ఉన్న చిన్నక్షరాలు చదివితే పాలు, మీగడ, చక్కెర వరసగా వస్తాయి, చాక్లెట్ వాటి తర్వాతెక్కడో. చాక్లెట్ వేషం వేసుకున్న పాల స్వీట్లు అనుకోండి.

అందుకే వీటిని పోల్చేటప్పుడు ఏది తియ్యగా ఉంది, ఏది చిక్కగా ఉంది అని చూడటం నాకు సరైన లెక్కనిపించలేదు. ఒక్కటే చూశాను: అసలు చాక్లెట్లో మనకి నచ్చే గుణమేదో అది కప్పులోకి వచ్చిందా, పేరొక్కటే వచ్చిందా? ఆత్రేయపురం పూతరేకుని మిక్సీలో వేసి పాయసంలో కలిపారనుకోండి. బెల్లం ఉంటుంది, నెయ్యి ఉంటుంది, జీడిపప్పూ ఉంటుంది. పంటి కింద పొరలు విరిగి నాలుక మీద మాయమయ్యే ఆ ఒక్క క్షణం మాత్రం ఉండదు. అప్పుడు దాన్ని పూతరేకు అనడం దేనికి?

తినడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫ్రిజ్‌లోంచి తీయగానే ఒక చెంచా, పావుగంట ఆగాక ఇంకో చెంచా. జడ్జీలు నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా అమ్మాయి. రెండుసార్లు ఎందుకంటే, చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి సరిగ్గా అందదు. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ ఎప్పుడైనా తాగారా? వెగటు పుట్టేంత తీపి. గడ్డగా ఉన్నప్పుడు అంత చక్కెర ఉన్నట్టే తెలీదు. పైగా చాక్లెట్‌కి ఇంకో చిక్కుంది. అందులోని కోకో బటర్ కరిగేది 34 డిగ్రీల దగ్గర, అంటే మన నోటి వేడికి రవ్వంత తక్కువ. చాక్లెట్ బిళ్ల నోట్లో వేసుకుంటే వెన్నలా జారడానికి అదే కారణం. ఇక్కడి ఫ్రిజ్‌లు 5 డిగ్రీల లోపే ఉంచమంటారు. ఆ చలిలోంచి వచ్చిన ముక్క కరగడానికి టైం పడుతుంది, ఈలోపు నమిలి మింగేస్తాం.

ముందు ఏరో. 1935లో యార్క్ నగరంలో రౌన్‌ట్రీ కంపెనీ తెచ్చిన చాక్లెట్ ఇది. 1988లో ఆ కంపెనీని నెస్లే కొనేసింది. దీని గొప్పంతా బుడగల్లో ఉంది. కరిగిన చాక్లెట్లోకి ఒత్తిడితో గాలి పంపి, అచ్చులో పోశాక ఒత్తిడి తగ్గిస్తారు. బుడగలు ఉబ్బుతాయి, ఉబ్బినవి ఉబ్బినట్టే గడ్డకడతాయి. బిళ్లని అంగిలికి నొక్కితే బుడగలు కూలిపోతూ కరుగుతుంది. ఇక మూస్ అంటేనే గాలి కొట్టిన మీగడ. కప్పు పట్టుకుంటేనే చెయ్యి తేలిగ్గా ఉంటుంది. రేకు మూత లాగి చెంచా దింపితే చిన్నగా బుస్సుమన్నట్టు వినిపించింది. మా అమ్మాయి చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ పొడిచింది. నాలుక మీద పెట్టి నొక్కితే, బిళ్లలో బుడగలు ఎలా కూలతాయో ఇక్కడా అలాగే, కాకపోతే ఇంకా మెత్తగా. ఒక గాలి వస్తువు ఇంకో గాలి వస్తువైంది, అంతే. గుణం ఎక్కడా పోలేదు. పావుగంట ఆగాక మాత్రం తినకండి, నీరుగారి వట్టి తీపే మిగులుతుంది. దీన్ని ఫ్రిజ్ తలుపు దగ్గర నిలబడే తినెయ్యాలి.

నా లెక్కలో ఇదే ఫస్ట్. కాకపోతే గాలికి కూడా డబ్బులిస్తున్నామని మా ఆవిడ గొడవ. అదీ నిజమే. షాపులో అరల కింద చిన్నగా 100 గ్రాముల ధర రాసి ఉంటుంది, కప్పు సైజు చూసి కాకుండా ఆ అంకె చూసి కొనాలి.

రోలోది వేరే కథ. 1937లో నార్విచ్‌లో మాకింటాష్ వాళ్లు మొదలుపెట్టారు. చాక్లెట్ గిన్నెలాంటి దాంట్లో టాఫీ పోసి మూసిన గుండ్రటి బిళ్ల. కొరికితే ఆ టాఫీ సాగుతుంది, పంటికి పట్టుకుంటుంది. తిరనాళ్లలో కొనుక్కున్న జీళ్లు గుర్తొస్తాయి నాకు. దాన్ని చెంచాతో తినేలా చెయ్యాలంటే ఆ సాగుడు వదులుకోవాలి, వేరే దారి లేదు. మన భాషలో చెప్పాలంటే ముదురుపాకం కాస్తా లేతపాకమైంది. రుచి అదే, టాఫీ వాసన కూడా బాగానే తగిలింది. ఆగాక తింటే మూస్‌లా చెడలేదు సరికదా, వాసన ఇంకా విచ్చుకుంది. నాకు మాత్రం జీడి అడిగితే బెల్లం పానకం ఇచ్చినట్టుంది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. దానికి రోలోయే ఫస్ట్. "నాన్నా, నీకు నమలాలని ఉంటే నమిలేది కొనుక్కో" అంది. వాదనలో లోపం కనిపించలేదు.

క్యాడ్‌బరీ రెండరల కప్పులు ఈ పేచీని భలే తప్పించుకున్నాయి. ఒక అరలో మెత్తటి చాక్లెట్ క్రీమ్, పక్క అరలో అసలు చాక్లెట్ ముక్కలు. తినబోయే ముందు మనమే కలుపుకోవాలి. పెరుగన్నంలో ఊరమిరపకాయ ముందే కలిపేస్తే ఏమవుతుందో తెలిసిన మనకి ఈ ఏర్పాటు గురించి వేరే చెప్పక్కర్లేదు. క్రంచీ విషయంలో ఇది మరీ అవసరం. క్రంచీ 1929 నాటిది, బ్రిస్టల్‌కి చెందిన ఫ్రై కంపెనీది. మరిగే పాకంలో వంటసోడా వేస్తే భుగ్గున పొంగుతుంది, ఆ పొంగుని ఆరబెట్టి చాక్లెట్లో ముంచుతారు. లోపల అంతా చక్కెర జాలీ. చక్కెరకి తడి తగిలితే ఇంకేముంది? పరీక్ష కోసం ఐదారు ముక్కల్ని క్రీమ్‌లో వదిలేసి పది నిమిషాలాగాను. చాక్లెట్ పూత నిండుగా ఉన్నవి నిలిచాయి. విరిగి లోపలి పసుపు బయటపడ్డవి అంచుల్లో కరిగి జిగటగా, బంగారు రంగు చారలు వదిలాయి. వెంటనే తిన్నవి మాత్రం కరకరలాడాయి, ఆ చప్పుడు పక్క గదిలోకి కూడా వినిపించింది.

ఫ్లేక్ 1920లోది. అచ్చుల అంచుల మీంచి పొర్లిన చాక్లెట్ ముడతలు ముడతలుగా పడటం ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన గమనించాడని, అక్కణ్నుంచే ఇది పుట్టిందని చెబుతారు. ఎండాకాలంలో ఇక్కడ ఐస్‌క్రీమ్ కోన్‌లో గుచ్చి అమ్మేది దీన్నే, '99' అంటారు. అంటే చల్లటి పాల పదార్థంతో ఫ్లేక్ జోడీ ఈ దేశానికి కొత్తేం కాదు. పొరలు పల్చగా ఉండటం వల్ల ఫ్రిజ్‌లోంచి తీసినా తొందరగా కరుగుతుంది. ఇదే రెండరల వరసలో బటన్స్ రకం కూడా ఉంది, ఇంతకుముందు చాలాసార్లు తిన్నాం. అందులో ముక్కలు బిళ్లలుగా మందంగా ఉంటాయి, చల్లగా కొరికితే మైనం కొరికినట్టుంటుంది. పావుగంట బయట ఉంచితే చాలు, మామూలైపోతాయి. పిల్లలకి అంత ఓపికుంటుందా అన్నది వేరే సంగతి.

ఫ్లేక్‌కీ క్రంచీకీ మధ్య మా ఆవిడ ఫ్లేక్ అంది, నేను క్రంచీ అన్నాను. నిజానికి ఈ రెండిటిలోనూ పక్క అర ఖాళీ అయ్యాక మిగిలే క్రీమ్ ఒకేలా అనిపించింది. కళ్లు మూసుకుని తింటే ఏది ఏదో ముగ్గురం చెప్పలేకపోయాం. ముక్కల కోసమే ఇవి కొనాలంటే, మామూలు ఫ్లేక్ కడ్డీ ఒకటి కొని ఇంట్లో ఉన్న పెరుగు మీద నలుపుకున్నా పని జరుగుతుంది.

ఇంతసేపూ అమ్మ సోఫాలో కూర్చుని చూస్తూనే ఉంది. శనివారం, నీచు ముట్టదు. మూస్ కూలిపోకుండా నిలబెట్టడానికి జెలటిన్ వాడటం ఇక్కడ మామూలే. జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. మూస్‌లోనే అని కాదు, పెరుగులో, చీజ్‌కేక్‌లో కూడా తగులుతుంటుంది. ఒకసారి లేనిది ఇంకోసారి ఉండొచ్చు, తయారీ మారుస్తుంటారు కాబట్టి కొన్నప్పుడల్లా చదవాల్సిందే. పాలు, గుడ్డు, గోధుమలాంటి ఎలర్జీ పదార్థాలు మందపాటి అక్షరాల్లో ఉంటాయి. జెలటిన్ ఆ జాబితాలోది కాదు, కాబట్టి మందంగా కనిపించదు, వెతుక్కోవాలి. ఇదంతా అమ్మకి చెప్పాను. "అనుమానం ఉన్నదేదీ నాకొద్దు, మీరు తినండి" అంది.

దాంతో ఐదో పోటీదారు బరిలోకి దిగింది. 150 గ్రాముల మిల్క్ చాక్లెట్ సన్నగా తరిగి గిన్నెలో వేశాను. 100 మిల్లీలీటర్ల డబుల్ క్రీమ్ అంచుల్లో బుడగలొచ్చేదాకా వేడిచేసి పైన పోశాను. ఇక్కడి డబుల్ క్రీమ్‌లో కొవ్వు 48 శాతం, అందుకే గట్టిగా తోడుకున్నట్టు వస్తుంది. పోశాక రెండు నిమిషాలు ముట్టుకోకూడదు. తర్వాత మధ్యలోంచి మొదలుపెట్టి మెల్లగా తిప్పాలి, చిటికెడు ఉప్పు వెయ్యాలి. తొందరపడి క్రీమ్ మరగనిస్తే నూనె విడిపోతుంది. అప్పుడు ఒక చెంచా గోరువెచ్చటి పాలు పోసి తిప్పితే చాలావరకు దారికొస్తుంది (ఆ రోజు ఇంట్లో పాలు లేవు కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను). నాలుగు టీ గ్లాసుల్లో సగం సగం పోసి మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాను.

చిక్కదనంలో షాపు కప్పులేవీ దీని దరిదాపుల్లోకి రాలేదు. అలాగని ఇంట్లో చేసింది కదా, ఆరోగ్యం అనుకుంటే పొరపాటే. ఇక్కడి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లేబుళ్ల లెక్కలో 100 గ్రాములకి చక్కెర 22.5 గ్రాములు దాటితే ఎరుపు. డెయిరీ మిల్క్‌లో 100 గ్రాములకి 56 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆ చాక్లెట్‌తో నేను చేసినదానికి లెక్కేస్తే దాదాపు 34 వచ్చింది. పాలు ఎక్కువ, చాక్లెట్ తక్కువ అని నేను ఎగతాళి చేసిన కప్పులు ఈ విషయంలో నాకంటే నయం. రోజూ పిల్లల భోజనం తర్వాత ఏదో ఒకటి పెట్టాలంటే షాపు కప్పే పెడతాను. చుట్టాలొచ్చినప్పుడు టీ గ్లాసు.

అమ్మ ఒక చెంచా తిని, "జున్నులా ఉందిరా" అంది. కాసేపాగి వంటింట్లోకి వెళ్లి మిరియాల పొడి డబ్బా తెచ్చుకుని పైన చల్లుకుంది. ముగ్గురం నవ్వాం. తర్వాత నేనూ చల్లుకున్నాను.

ఆదివారం పొద్దున ఫ్రిజ్‌లో ఒక్క రోలో కప్పు మిగిలింది. మీ చివరి రోలో ఇచ్చేసేంతగా ఎవర్నైనా ప్రేమిస్తున్నారా అని ఇక్కడ ఒకప్పుడు ప్రకటనలొచ్చేవి. ఆ సంగతి చెప్పగానే మా అమ్మాయి కప్పూ చెంచా పట్టుకెళ్లి నాన్నమ్మకిచ్చింది. శనివారం అయిపోయింది కదా అని దాని ధైర్యం. అమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "ఏముందో మొత్తం చదువు తల్లీ" అంది. అది పాల దగ్గర మొదలుపెట్టి, చక్కెర, క్రీమ్ దాటి, ఎమల్సిఫైయర్ దగ్గర రెండుసార్లు తడబడి, చివరిదాకా చదివింది.

"ఇంత చదువు విన్నాక ఆకలి పోయింది. నువ్వే తినెయ్యి."

రేకు అప్పటికే సగం లేచి ఉంది.