ఒక గొంతు, ఒక ఆర్గన్: ఆలిస్ కోల్ట్రేన్ ‘కీర్తన్: తురియా సింగ్స్’

ఈ ఆల్బమ్‌లో తాళాలు లేవు, మద్దెల లేదు, వంత పాడేవాళ్లూ లేరు. అమెరికన్ జాజ్ కళాకారిణి ఆలిస్ గొంతు, ఆవిడే వాయించిన వుర్లిట్జర్ ఆర్గన్, అంతే. ఇవే తొమ్మిది పాటలు 1982లో తీగవాద్యాలూ సింథసైజర్ కలిపి క్యాసెట్‌గా వచ్చాయి. ఆ హంగులు లేని మిక్స్‌ని కొడుకు రవి కోల్ట్రేన్ వెలికితీస్తే, ఇంపల్స్ రికార్డు కంపెనీ 2021లో విడుదల చేసింది. రెండిట్లో ఇదే కొనండి. క్యాసెట్‌లో తీగల హోరు కింద అణిగిపోయిన ఆర్గన్ పని ఇందులో విడిగా వినబడుతుంది.

మన భజనల్లో హార్మోనియం గొంతు వెంటే నడుస్తుంది, పాడిన స్వరమే వేలి కింద పలుకుతుంది. ఆలిస్ అలా చేయదు. ‘జగదీశ్వర్’ వినండి: ఆర్గన్ ఒక నిండు కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల గుత్తి) పరిచి పట్టి ఉంచుతుంది, పాట దాని మీద మెల్లగా నడుస్తుంది. అడుగున కార్డ్ మారితే చాలు, అదే స్వరం ఇంకో రంగులో వినిపిస్తుంది. డెట్రాయిట్ బాప్టిస్ట్ చర్చిలో చిన్నప్పుడే అబ్బిన చెయ్యి, దానికి జాజ్ తోడైంది. గమకాల కోసం వెతికితే మాత్రం దొరకవు. ఫోన్ స్పీకర్‌లో అడుగు స్వరాలు పోయి పాటలన్నీ ఒకేలా అనిపిస్తాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

కీబోర్డ్ మీద ఈ పద్ధతి ప్రయత్నించేవాళ్లు తడబడేది రాగం దగ్గరే. చర్చిలో ‘ఆమెన్’ దగ్గర వినిపించే మలుపు మ-ద-స నుంచి స-గ-పకి దిగుతుంది. శంకరాభరణంలో, హరికాంభోజిలో అది చక్కగా ఒదుగుతుంది. మోహనంలో మధ్యమమే లేదు కాబట్టి అదే మలుపు వేస్తే రాగం చెడిపోతుంది, అక్కడ స-గ-ప, ద-స-గ చాలు. పాడేవాళ్లు గాంధారాన్ని ఊపుతుంటే కీబోర్డ్‌లో కదలకుండా నిలిచే గాంధారం దానికి అడ్డుపడుతుంది. అప్పుడు స-ప మాత్రమే పట్టుకోండి, అదీ గొంతుకి ఒక స్థాయి కింద.

చప్పట్లతో, వంతలతో ఊగే సామూహిక భజన కావాలంటే 2017లో లువాకా బాప్ అనే రికార్డు కంపెనీ తెచ్చిన ఆలిస్ పాటల సంకలనం తీసుకోండి. పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలైన ఆలిస్, కాలిఫోర్నియాలోని తన ఆశ్రమవాసులతో పాడించిన పాటలవి. ‘ఓం రామ’తో మొదలుపెట్టండి.